టెర్మినల్ దృష్టిలో మీరెవరు? ఏ కమాండ్ మాట ఎప్పుడు నమ్మాలి, అకౌంట్ ఎలా మారాలి

లినక్స్ సర్వర్ మీద యాడ్మిన్ అనే అకౌంట్‌తో లాగిన్ అయ్యారు. అక్కడి నుంచి సుడో (ఇంకో అకౌంట్ హక్కులతో కమాండ్ నడిపేది) వాడి డెప్లాయ్ అనే అకౌంట్‌లోకి వెళ్లారు. మధ్యలో ఏదో ప్యాకేజీ పెట్టాల్సి వచ్చి, డ్యాష్ లేకుండా ఉత్త ఎస్‌యూ (అకౌంట్ మార్చే కమాండ్) కొట్టి రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్, అయ్యారు. ఇప్పుడు హూఆమ్ఐ అడగండి, రూట్ అంటుంది. డాలర్ యూజర్‌ని, అంటే యూజర్ అనే వేరియబుల్ విలువని, ఎకో చేయండి, డెప్లాయ్ అంటుంది. లాగ్‌నేమ్ అడగండి, యాడ్మిన్ అంటుంది. ఒకే టెర్మినల్‌లో మూడు పేర్లు.

ఈ మూడింట్లో ఏదీ తప్పు కాదు. హూఆమ్ఐ చెప్పేది ఈ క్షణంలో మీకున్న అధికారం ఎవరిదని. లాగ్‌నేమ్ చెప్పేది మొదట పాస్‌వర్డ్‌తోనో కీతోనో లోపలికి వచ్చింది ఎవరని. డాలర్ యూజర్ చెప్పేది ఎవరో ఎప్పుడో రాసి పెట్టిన ఒక పేరు, అంతే. లాగిన్ గుర్తింపుకి సంబంధించిన చిక్కుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది: అధికారం గురించి అడగాల్సిన చోట పేరు అడుగుతాం, మనిషిని పట్టుకోవాల్సిన చోట అధికారం అడుగుతాం. కాబట్టి ఏ కమాండ్ మంచిదని కాకుండా, మీ ముందున్న సమస్యకి ఏది సరిపోతుందని చూద్దాం.

పర్మిషన్ సమస్యకి ఐడీ

ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి కెర్నల్‌కి పేర్లతో పని లేదు. దానికి తెలిసినవి నంబర్లే. నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కీ, అంటే ప్రాసెస్‌కీ, రియల్ యూఐడీ (యూజర్ నంబర్), ఎఫెక్టివ్ యూఐడీ, సేవ్డ్ యూఐడీ అని విడివిడిగా ఉంటాయి. లినక్స్‌లో వీటికి తోడు ఫైల్‌సిస్టమ్ యూఐడీ కూడా ఉంటుంది. /ప్రాక్/సెల్ఫ్/స్టేటస్ ఫైల్ తెరిచి యూఐడీ అన్న లైన్ చూస్తే ఈ నాలుగు నంబర్లూ ఇదే వరసలో కనిపిస్తాయి. మామూలు షెల్‌లో నాలుగూ ఒకటే. పాస్‌వర్డ్ మార్చే పాస్‌డబ్ల్యూడీ లాంటి సెట్‌యూఐడీ ప్రోగ్రామ్ (ఎవరు నడిపినా దాని ఓనర్ అధికారంతో నడిచేది) నడుస్తున్నప్పుడు మాత్రం రియల్ మీదీ, ఎఫెక్టివ్ రూట్‌దీ అవుతాయి. మీ పాస్‌వర్డ్ మార్చడానికి పాస్‌వర్డ్‌లు దాచే షాడో ఫైల్ ముట్టుకునే హక్కు దానికి అలా వస్తుంది.

హూఆమ్ఐ చెప్పేది ఎఫెక్టివ్ యూఐడీకి సరిపోయే పేరు. ఐడీ -యూఎన్ కూడా సరిగ్గా అదే చెబుతుంది. మరి తేడా ఏమిటంటే, హూఆమ్ఐ ఆ ఒక్క పేరుతో ఆగిపోతుంది. ఐడీని ఏ ఆప్షన్ లేకుండా కొడితే నంబరు, పేరు, ప్రైమరీ గ్రూపు, మిగతా గ్రూపులు అన్నీ ఒకే లైన్‌లో పెడుతుంది. రియల్, ఎఫెక్టివ్ నంబర్లు వేరుగా ఉంటే ఆ సంగతీ చెబుతుంది. పైగా ఐడీ పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌లకి ఉమ్మడి) ప్రమాణంలో ఉంది, హూఆమ్ఐ లేదు. పాత సొలారిస్ మెషిన్లలో హూఆమ్ఐ మామూలు పాత్‌లో (షెల్ ప్రోగ్రామ్‌లు వెతికే డైరెక్టరీల జాబితాలో) కాకుండా యూసీబీ అనే వేరే డైరెక్టరీలో ఉండేది. నా వరకు చేతికి అలవాటు చేసుకోవాల్సింది ఐడీనే. హూఆమ్ఐ చూడటానికి బాగుంటుంది కానీ, పర్మిషన్ సమస్యల్లో అసలు దోషి చాలాసార్లు యూఐడీ కాదు, గ్రూపు. ఆ గ్రూపుల సంగతి హూఆమ్ఐ ఎత్తదు.

ఈ గ్రూపుల దగ్గర కాస్త నిదానంగా ఆగాలి, ఎందుకంటే ఎక్కువ టైమ్ తినేది ఇదే.

డాకర్ అంటే కంటైనర్లనే విడి పెట్టెల్లో ప్రోగ్రామ్‌లు నడిపే సాఫ్ట్‌వేర్. డెప్లాయ్ అకౌంట్‌ని ఎవరో డాకర్ గ్రూపులో చేర్చారనుకోండి. అయినా డాకర్ సాకెట్ (డాకర్‌తో మాట్లాడే ఫైల్) దగ్గర పర్మిషన్ డినైడ్ వస్తూనే ఉంది. అప్పుడు రెండు కమాండ్లు ఒకదాని కింద ఒకటి కొట్టండి. మొదట ఉత్త ఐడీ, తర్వాత ఐడీ డెప్లాయ్. మొదటిది గ్రూప్స్=1001(డెప్లాయ్) అని ఆగిపోతుంది. రెండోది గ్రూప్స్=1001(డెప్లాయ్),998(డాకర్) అంటుంది. పేరు ఇవ్వని ఐడీ ఇప్పుడు నడుస్తున్న ఈ షెల్ చేతిలో నిజంగా ఏముందో కెర్నల్‌ని అడిగి చెబుతుంది. పేరు ఇచ్చిన ఐడీ యూజర్ డేటాబేస్‌లో ఏం రాసి ఉందో చదివి చెబుతుంది. ఈ రెండూ కలవకపోతే రోగం దొరికినట్టే: సెట్టింగ్ సరిగ్గానే ఉంది, మీ సెషన్ పాతది. గ్రూపుల జాబితా లాగిన్ సమయంలో ఒకసారి ప్రాసెస్‌కి అంటుకుంటుంది, అక్కడి నుంచి పిల్ల ప్రాసెస్‌లకి అలాగే వెళుతుంది. తర్వాత ఫైల్‌లో ఎన్ని మార్పులు చేసినా అప్పటికే నడుస్తున్న షెల్‌కి అవి తెలియవు.

రెండూ ఒకేలా ఉండి, రెండిట్లోనూ డాకర్ లేకపోతే అసలు చేర్చడమే జరగలేదన్నమాట. అప్పుడు గ్రూపులు మార్చే యూజర్‌మాడ్ కమాండ్ ఎలా వాడారో చూడండి. చిన్న ఏ, పెద్ద జీ కలిపి ఇస్తే ఉన్న గ్రూపులకి కొత్తది చేరుతుంది. చిన్న ఏ మర్చిపోయి పెద్ద జీ ఒక్కటే ఇస్తే, మీరు రాసినవి తప్ప మిగతా సెకండరీ గ్రూపులన్నీ ఎగిరిపోతాయి. అందులో సుడో గ్రూపు కూడా ఉంటే తర్వాతి లాగిన్ నుంచి ఆ అకౌంట్‌కి రూట్ దారి మూసుకుపోతుంది. అందుకే గ్రూపులు మార్చేటప్పుడు రూట్ హక్కున్న ఇంకో సెషన్ తెరిచి ఉంచుకోవడం చాలా అవసరం.

సెషన్ పాతదని తేలాక రెండు దారులు. న్యూజీఆర్‌పీ డాకర్ అని కొడితే డాకర్‌ని ప్రైమరీ గ్రూపుగా పెట్టుకుని కొత్త షెల్ తెరుచుకుంటుంది. పని వెంటనే నడుస్తుంది, నిజమే. కానీ ఆ షెల్‌లో మీరు సృష్టించే ప్రతి ఫైల్‌కీ గ్రూపు డాకర్ అవుతుంది, అది తర్వాత ఇంకోచోట తలనొప్పి. ఒక్క కమాండ్ కోసమైతే న్యూజీఆర్‌పీ చాలు. రోజంతా పని ఉంటే పూర్తిగా లాగౌట్ అయి మళ్లీ రండి.

ఆ "పూర్తిగా" అన్న మాట గట్టిగా పట్టుకోండి. టీమక్స్ (కనెక్షన్ తెగినా షెల్‌ని నడుపుతూ ఉంచే ప్రోగ్రామ్) లోపల పని చేసేవాళ్లు ఎస్‌ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) తెంచుకుని మళ్లీ వచ్చి అటాచ్ అవుతారు, గ్రూపు మాత్రం రాదు. టీమక్స్ సర్వర్ ప్రాసెస్ పాత లాగిన్ నాటిది, కొత్త విండో తెరిచినా అది ఆ పాత ప్రాసెస్‌కే పిల్ల. టీమక్స్ సర్వర్‌నే ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఎస్‌ఎస్‌హెచ్‌లో ఒకే కనెక్షన్‌ని మళ్లీ మళ్లీ వాడుకునే కంట్రోల్‌మాస్టర్ పెట్టుకున్నవాళ్లకీ ఇదే జరుగుతుంది. మీరు కొత్త లాగిన్ అనుకునేది నిజానికి పాత కనెక్షన్ మీదే ఇంకో ఛానెల్. ఆ మాస్టర్ కనెక్షన్ మూసేస్తే తప్ప కొత్త గ్రూపులు రావు. రిమోట్‌గా కోడ్ రాసే ఎడిటర్లు సర్వర్ మీద ఒక ప్రాసెస్‌ని వదిలి వెళతాయి, అదీ అంతే.

లోపలికి వచ్చింది ఎవరో తెలియాలంటే

సర్వర్‌లో ఒక ఫైల్ మారింది, చేసింది రూట్ అని తెలుసు. రూట్‌గా ఉన్నది ఎవరు? ఇక్కడ ఐడీ ఎందుకూ పనికిరాదు. దీనికి మూడు మార్గాలున్నాయి, మూడింటి బలం ఒకటి కాదు.

హూ ఆమ్ ఐ అని మూడు ముక్కలుగా విడదీసి రాసే కమాండ్ మొదటిది. చూడటానికి కలిపి రాసే హూఆమ్ఐ లాగే ఉన్నా రెండూ పూర్తిగా వేరు. ఇది హూ -ఎమ్‌తో సమానం. మీరు కూర్చున్న టెర్మినల్ లైన్‌కి యూటీఎంపీ అనే రికార్డు ఫైల్‌లో ఏ పేరు రాసి ఉందో వెతికి చూపిస్తుంది. గ్నూ హూకి ఏ రెండు పదాలు ఇచ్చినా అదే జవాబు, ఆమ్ ఐ అనే ఉండాలని లేదు. దీని బలహీనత ఆ ఫైల్‌లోనే ఉంది. డెస్క్‌టాప్‌లో తెరిచే టెర్మినల్ యాప్‌లు చాలావరకు యూటీఎంపీలో ఎంట్రీ రాయవు. అక్కడ హూ ఆమ్ ఐ కొడితే ఖాళీ లైన్ కూడా రాదు, నేరుగా ప్రాంప్ట్ వచ్చేస్తుంది. అది చూసి అకౌంట్ పాడైందని టెన్షన్ పడనక్కర్లేదు. ఇన్‌పుట్‌ని పైపులోంచి ఇచ్చినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే అప్పుడు చూసుకోవడానికి టెర్మినలే లేదు. దానికి తోడు యూటీఎంపీలో టైమ్ 32 బిట్లలో ఉండటం వల్ల 2038 సమస్య కూడా ఉంది, కొన్ని డిస్ట్రిబ్యూషన్లు దాని నుంచి మెల్లగా తప్పుకుంటున్నాయి. కొత్తగా రాసే స్క్రిప్ట్‌లో దాని మీద ఆధారపడమని నేను చెప్పను.

లాగ్‌నేమ్ ఇంకొంచెం నయం. లినక్స్‌లో గ్నూ సీ లైబ్రరీ మొదట /ప్రాక్/సెల్ఫ్/లాగిన్‌యూఐడీ చూస్తుంది, ఆ ఫైల్ చదవలేకపోతేనే యూటీఎంపీకి వెళుతుంది. పేరు దొరక్కపోతే 'నో లాగిన్ నేమ్' అని ఎర్రర్ ఇస్తుంది. బూట్‌లో మొదలైన సర్వీస్‌లోనో కంటైనర్‌లోనో ఈ ఎర్రర్ కనిపిస్తే ఆశ్చర్యపడొద్దు, అక్కడ నిజంగానే ఎవరూ లాగిన్ కాలేదు.

అన్నిటికన్నా గట్టిది ఆ లాగిన్‌యూఐడీ ఫైలే. ఎస్‌ఎస్‌హెచ్ లేదా కన్సోల్ ద్వారా లోపలికి రాగానే పామ్ (లాగిన్ తనిఖీ వ్యవస్థ) మాడ్యూల్ ఒకటి ఈ నంబర్ రాస్తుంది. తర్వాత మీరు ఎన్నిసార్లు ఎస్‌యూ కొట్టినా, ఎన్నిసార్లు సుడో వాడినా అది మారదు. ఆడిట్ లాగ్‌లో ఏయూఐడీ అని కనిపించేది ఇదే. ఫైల్ తెరిస్తే 4294967295 కనిపించిందంటే పెద్ద నంబరున్న వింత యూజర్ ఎవరో ఉన్నారని కాదు. అది 32 బిట్లలో మైనస్ ఒకటి, అంటే ఇంకా ఎవరి పేరా పెట్టలేదని అర్థం. బూట్ సమయంలో మొదలైన సర్వీసులన్నిటికీ అదే ఉంటుంది.

సుడో_యూజర్ అనే వేరియబుల్ కూడా ఉంది కదా అంటారా? సౌకర్యం కోసం బాగుంటుంది. రూట్‌గా నడిచిన ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ చివర్లో ఫైళ్లని అసలు యూజర్ పేరు మీదికి మార్చడానికి నేనూ అదే వాడతాను. కానీ మధ్యలో ఎవరైనా డ్యాష్‌తో ఎస్‌యూ కొడితే ఆ వేరియబుల్ తుడిచిపెట్టుకుపోతుంది. ఎవరు చేశారని నిలదీయడానికి దాన్ని సాక్ష్యంగా చూపలేం.

డాలర్ యూజర్‌ని ఎంతవరకు నమ్మాలి

ప్రాంప్ట్‌లో పేరు చూపించడానికి, లాగ్ ఫైల్ పేరులో కలపడానికి పర్వాలేదు. అంతకు మించి వద్దు. అది మామూలు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, యూజర్=రూట్ అని ఎవరైనా రాసుకోవచ్చు. పోసిక్స్ చెప్పేది లాగ్‌నేమ్ అనే వేరియబుల్ (పైన చూసిన కమాండ్ కాదు) గురించి, యూజర్ అనేది బీఎస్‌డీ వైపు నుంచి వచ్చిన అలవాటు. డాకర్ కంటైనర్లలో సాధారణంగా యూజర్ వేరియబులే ఉండదు. బాష్ స్క్రిప్ట్‌లో సెట్ -యూ (లేని వేరియబుల్ వాడితే ఆగిపోమనేది) పెట్టి డాలర్ యూజర్ వాడితే, ల్యాప్‌టాప్ మీద చక్కగా నడిచినది కంటైనర్‌లో మొదటి లైన్ దగ్గరే కూలిపోతుంది.

ఇది పనికొచ్చే అరుదైన సందర్భం ఒకటుంది. రెండు పేర్లకి ఒకే యూఐడీ ఉన్నప్పుడు. ఫ్రీబీఎస్‌డీలో రూట్‌తో పాటు టూర్ అనే అకౌంట్ కూడా యూఐడీ 0తోనే ఉంటుంది. టూర్‌గా లాగిన్ అయినా హూఆమ్ఐ రూట్ అనే అంటుంది, ఎందుకంటే నంబర్ నుంచి పేరుకి వెనక్కి వెళ్లేటప్పుడు ముందు దొరికిన పేరే వస్తుంది. అలాంటి చోట ఏ పేరుతో లోపలికి వచ్చారో లాగిన్ సమయంలో పెట్టిన వేరియబుల్ చెప్పగలదు, ఐడీ చెప్పలేదు.

పేరే లేదంటే

ప్రాంప్ట్‌లో 'ఐ హ్యావ్ నో నేమ్!' అని కనిపిస్తే బాష్ మీ యూఐడీకి పేరు వెతికి, దొరక్క రాసిన మాట అది. హూఆమ్ఐ కూడా ఫలానా నంబరుకి పేరు దొరకలేదని చెబుతుంది. ఇక్కడ అధికారం పోలేదు. నంబర్ ఉంది, ఫైళ్లు దాని మీద తెరుచుకుంటాయి. పేరు తెచ్చే దారి మాత్రం తెగింది.

కంటైనర్‌ని -యూ 1001 అని నంబరిచ్చి నడిపితే, యూజర్ల జాబితా ఉండే లోపలి పాస్‌డబ్ల్యూడీ ఫైల్‌లో ఆ నంబర్ లేనప్పుడు ఇది సహజం. ప్రోగ్రామ్ పేరు కోసం పట్టుబట్టకపోతే వదిలేయవచ్చు. మామూలు సర్వర్‌లో వస్తే మాత్రం వెంటనే చూడాలి. అప్పుడు పాస్‌డబ్ల్యూడీ ఫైల్‌లో గ్రెప్‌తో వెతకడం కన్నా గెట్‌ఎంట్ పాస్‌డబ్ల్యూడీ 1001 అని అడగడం మేలు. గ్రెప్ ఆ ఒక్క ఫైల్‌నే చూస్తుంది. గెట్‌ఎంట్ ఎన్‌ఎస్‌స్విచ్ సెట్టింగ్‌లో రాసిన వరసలో ఎల్‌డాప్ (సెంట్రల్ యూజర్ డైరెక్టరీ), ఎస్‌ఎస్‌ఎస్‌డీ (దాని వివరాలు తెచ్చి దాచుకునే సర్వీస్) అన్నీ తిరిగి వస్తుంది. గెట్‌ఎంట్ ఖాళీగా వస్తే సెంట్రల్ డైరెక్టరీతో కనెక్షన్ తెగిందేమో, ఎస్‌ఎస్‌ఎస్‌డీ సర్వీస్ ఆగిందేమో చూడండి. పాత వివరాలు వస్తుంటే ఎస్‌ఎస్‌ఎస్_క్యాష్ -ఈ అని, పెద్ద ఈతో, కొట్టి క్యాష్ చెల్లదని చెప్పండి. ఇంకో చిన్న సంగతి: పాస్‌డబ్ల్యూడీ ఫైల్‌ని అందరూ చదవగలిగేలా 644లో ఉంచాలి. ఎవరో భద్రత పేరుతో దాన్ని 600 చేస్తే, రూట్‌కి అన్నీ బాగానే కనిపిస్తాయి, మిగతా అందరికీ పేర్లు మాయమవుతాయి.

అకౌంట్ మారడానికి ఏ దారి

పైన చెప్పిన చిక్కుల్లో సగం అసలు పుట్టేది ఇక్కడ.

డ్యాష్ లేని ఎస్‌యూ పాత ఎన్విరాన్‌మెంట్‌ని అలాగే ఉంచి హోమ్, షెల్ మాత్రం మారుస్తుంది. వెళ్లేది రూట్ కాకపోతే యూజర్, లాగ్‌నేమ్ వేరియబుల్స్ కూడా మారుస్తుంది. రూట్ అయితే వాటిని ముట్టుకోదు. మొదట్లో చెప్పిన మూడు పేర్ల చిక్కు అలా వచ్చిందే. పాత అకౌంట్ పాత్ కూడా వెంట వస్తుంది కాబట్టి రూట్‌గా ఉంటూ ఇంకొకరి బిన్ డైరెక్టరీలోని ప్రోగ్రామ్‌ని నడిపే ప్రమాదం ఉంది. దీన్ని వాడటానికి నాకు ఒక్క మంచి కారణం కూడా కనిపించదు.

డ్యాష్ ఉన్న ఎస్‌యూ దాదాపు అన్నీ తుడిచేసి, కొత్త లాగిన్ షెల్ లాగా హోమ్ డైరెక్టరీలో దింపుతుంది. శుభ్రంగా ఉంటుంది. కానీ వెళ్లాల్సిన అకౌంట్ పాస్‌వర్డ్ తెలియాలి, అంటే రూట్ పాస్‌వర్డ్ పదిమంది చేతుల్లో తిరగాలి. సుడో -ఐ కూడా అంతే శుభ్రమైన షెల్ ఇస్తుంది, అడిగేది మీ సొంత పాస్‌వర్డ్, పైగా ఎవరు ఏ కమాండ్‌తో మారారో లాగ్ అవుతుంది. అందుకే ఎక్కువమందికి, ఎక్కువ సందర్భాల్లో నేను చెప్పేది సుడో -ఐయూ డెప్లాయ్ అనే. సుడో -ఎస్ వేరు. అది లాగిన్ షెల్ కాదు, ఉన్న డైరెక్టరీలోనే ఉంచుతుంది. హోమ్ మారుతుందా లేదా అన్నది ఆ మెషిన్ సుడోయర్స్ సెట్టింగ్ మీద ఉంటుంది.

హోమ్ విషయంలో తికమక ఎంత దూరం వెళుతుందో ఒకటి చూపిస్తాను. హోమ్ వేరియబుల్ పాత అకౌంట్‌దే మిగిలిపోయిన షెల్‌లో గిట్ పుల్ కొట్టారు. గిట్ తన కాన్ఫిగ్ కోసం హోమ్ వేరియబుల్‌ని చూస్తుంది కాబట్టి పాత యూజర్ ఫైల్ చదువుతుంది. లోపల అది పిలిచే ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం వేరియబుల్‌ని పట్టించుకోదు, యూఐడీని బట్టి పాస్‌డబ్ల్యూడీలో ఉన్న హోమ్‌కి వెళ్లి కొత్త యూజర్ కీలు తీస్తుంది. ఒకే కమాండ్‌లో కాన్ఫిగ్ ఒకరిది, కీ ఇంకొకరిది. 'కీ ఉంది కదా, ఎందుకు ఒప్పుకోవడం లేదు' అని గంటలు గంటలు వెతికేది ఇలాంటి చోటే.

సుడో -ఐ తోనూ తీరని పని ఒకటుంది. మారిన అకౌంట్‌లో, సర్వీసులు నడిపే సిస్టమ్‌సీటీఎల్‌కి రెండు డ్యాష్‌ల యూజర్ ఆప్షన్ ఇస్తే బస్‌కి (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారికి) కనెక్ట్ కాలేకపోయానంటుంది. రూట్ లేకుండా నడిచే పాడ్‌మాన్ (డాకర్ లాంటిదే) కూడా అక్కడే తడబడుతుంది. కారణం, ఎస్‌యూ, సుడో మీ పాత లాగిన్ సెషన్ లోపలే ఉంటాయి. డెప్లాయ్ పేరు మీద సిస్టమ్‌డీ (సర్వీసులనీ సెషన్లనీ చూసుకునేది) కొత్త సెషన్ తెరవదు, ఎక్స్‌డీజీ_రన్‌టైమ్_డిర్ అనే వేరియబుల్ పెట్టదు. ఆ వేరియబుల్‌ని చేత్తో రాసి నెట్టుకొచ్చేవాళ్లున్నారు, కానీ సరైన మందు నిజమైన సెషన్. మెషిన్‌సీటీఎల్ షెల్ డెప్లాయ్@ అని కొట్టండి, లేదా ఆ అకౌంట్‌లోకే నేరుగా ఎస్‌ఎస్‌హెచ్ చేయండి. సిస్టమ్‌డీ 256తో 2024లో వచ్చిన రన్0 కూడా సుడోలా వారసత్వం మోసుకురాకుండా కొత్త ప్రాసెస్‌ని వేరుగా మొదలుపెడుతుంది.

టెర్మినల్ యజమాని సమస్య కూడా ఇలాంటిదే. ఎస్‌యూతో మారాక స్క్రీన్ అనే కమాండ్ కొడితే /డెవ్/పీటీఎస్/0 తెరవలేనంటుంది. ఎల్‌ఎస్ -ఎల్ పెట్టి ఆ పరికరం చూడండి, దాని ఓనర్ ఇంకా పాత యూజరే. దాన్ని సీహెచ్‌మాడ్ చేసి అందరికీ తెరవమని సలహాలు కనిపిస్తాయి, అలా చేయకండి. ఆ మెషిన్ మీదున్న ప్రతి యూజర్ మీ టెర్మినల్ చదవగలుగుతారు. సుడో 1.9.14 నుంచి మామూలుగానే సొంత టెర్మినల్ తెరుస్తుంది కాబట్టి అక్కడ ఈ చిక్కు తగ్గింది. పాత వెర్షన్ ఉన్న చోట నేరుగా ఎస్‌ఎస్‌హెచ్ మేలు.

స్క్రిప్ట్ రాసేవాళ్లకి

రూట్‌గా నడుస్తోందా అని తేల్చాలంటే ఐడీ -యూ ఇచ్చిన జవాబు 0 అవునా కాదా చూడండి. పేరు రూట్ అవునా అని పోల్చకండి, టూర్ సంగతి చూశాం కదా. పేరు కావాలంటే ఐడీ -యూఎన్. లాగిన్ అయిన మనిషి కావాలంటే లాగ్‌నేమ్, అది విఫలమైతే ఏం చేయాలో కూడా రాసి పెట్టండి, ఎందుకంటే రేపు ఎవరో ఆ స్క్రిప్ట్‌ని కంటైనర్‌లో పెడతారు. ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద పంచుకునే) డిస్క్ మీద పని చేసే స్క్రిప్ట్ అయితే పేరు కాకుండా నంబర్ని లాగ్‌లో రాయండి. మామూలు ఆథ్_సిస్ పద్ధతిలో అవతలి సర్వర్‌కి వెళ్లేది యూఐడీ, జీఐడీ (గ్రూపు) నంబర్లే. రెండు మెషిన్లలో ఒకే పేరుకి రెండు నంబర్లుంటే పేరున్న లాగ్ చూసి ఏమీ తేల్చలేరు. అదే పద్ధతిలో సెకండరీ గ్రూపులు 16కి మించి వెళ్లవు కూడా. ఐడీలో గ్రూపు కనిపిస్తున్నా ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైల్ మాత్రం తెరుచుకోకపోతే, ముందుగా ఆ యూజర్‌కి గ్రూపులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.